మంద పడుకున్న నేల

గల్ఫ్‌లో, జింజ్ అనే చోట నేను అద్దెకున్న గది కిటికీ తెరిస్తే ఖర్జూరపు తోట కనిపించేది. ఎనభైల మొదట్లో ఆ చుట్టుపక్కల ఇంకా తోటలుండేవి, ఇప్పుడన్నీ ఫ్లాట్లేనట. తోటకు ఆవల, మట్టిగోడ లోపల, రెండెకరాలకు కొంచెం తక్కువగా గడ్డినేల ఉండేది. అందులో నలభై గొర్రెలు, వాటి వెనక తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక మనిషి. నేను చేరిన మొదటి శుక్రవారం పొద్దున, గొర్రెలను అదిలిస్తూ అతను నాలుకతో చేసిన చప్పుడు విని కిటికీ దగ్గరికి వచ్చాను. అది మన వైపు చప్పుడు. కిందికి దిగి తెలుగులో పలకరిస్తే, అతను గొర్రెల మీంచి చూపు తిప్పకుండానే, "మనోళ్లేనా సారూ, కూసోండ్రి" అన్నాడు. కూర్చోవడానికి అక్కడ బోర్లించిన నూనె డబ్బా ఒకటుంది. తరవాత రెండేళ్లపాటు నా శుక్రవారాలు చాలావరకు ఆ డబ్బా మీదే గడిచాయి.

అతనిది ఉత్తర తెలంగాణ. తరాలుగా గొర్రెలు కాసిన ఇల్లు. నేను కోస్తాలో తొమ్మిదేళ్లు దినపత్రికకు వార్తలు రాసి, ఇక్కడొక కాంట్రాక్టు ఆఫీసులో టైపిస్టుగా చేరినవాణ్ని. రాతపని నాకు అలవాటు కనుక అతను ఇంటికి పంపే ఉత్తరాలు నేనే రాసేవాణ్ని. ప్రతి ఉత్తరంలో ఒక వాక్యం మారేది కాదు: "కంపెనీల పని, మంచిగున్న." గొర్రెలు కాస్తున్నానని ఒక్కసారీ రాయించలేదు.

కారణం నాకు తెలుసు. అస్కర్ వైపు అల్యూమినియం ఫ్యాక్టరీ దగ్గర క్యాంపులో వాళ్ల ఊరివాళ్లు అయిదుగురు ఉండేవాళ్లు. శుక్రవారం సెలవునాడు వచ్చి గోడ మీద కూర్చునేవాళ్లు. వాళ్లలో వరసకు బావ అయ్యే ఒకతను మరీ వదిలేవాడు కాదు. వాళ్ల ఊళ్లో గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

"దుబాయి దాకొచ్చి గొర్లేనా బావా? విమానం టికెట్టు గొర్లకు గూడ కొన్నవా?"

ఇతను నవ్వేవాడు కాదు, తగువాడేవాడూ కాదు. గొర్రెల వైపు నడిచి వెళ్లిపోయేవాడు.

గడ్డినేల మాత్రం పాడవుతూ వచ్చింది. ఏడాది పొడుగునా గొర్రెలు రోజంతా అదే చోట తిరిగేవి. మొలక తల ఎత్తగానే కొరికేసేవి. డెక్కల కింద నేల గట్టిపడింది. బావినీళ్లలో ఉప్పెక్కువ, పారించిన నీరు లోపలికి ఇంకక పైన నిలిచి, ఎండాక తెల్లటి పొడి వదిలేది. గడ్డి పోయిన చోట ఆ తెలుపు ఇంకా పాకేది.

యజమాని పెద్దాయన. కుర్రతనంలో బొంబాయిలో వ్యాపారం చేశాడు కనుక హిందీ ధారాళంగా మాట్లాడేవాడు. చలికాలం మొదట్లో ఒకరోజు వచ్చి, నేలంతా కలయదిరిగి, వేసవి వచ్చేలోగా ఇది బాగుపడకపోతే మంద అమ్మేస్తానని, అతన్ని అస్కర్‌లో తన తమ్ముడి కాంట్రాక్టు పనికి పంపుతానని చెప్పాడు. చివర ఒక్కమాట: ఖలాస్.

అస్కర్ వెళితే ఓవర్‌టైంతో నాలుగు డబ్బులు ఎక్కువే వస్తాయని నేనన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"పైసలు గాదు సారూ. నా మంద కింద నేల సచ్చిందంటరు. మా తాత మంద పండబెడితె ఆ చేన్ల రెండేండ్లు ఎరువు మాటుండేది గాదు."

మంద పండబెట్టడం అంటే తెలియని తెలుగు రైతు లేడు. వేసవిలో కోత అయిపోయిన చేలో గొర్రెలను రాత్రుళ్లు పడుకోబెడతారు. పెంట, మూత్రం నేలకు బలం. అందుకు రైతు కాపరికి గింజలు కొలుస్తాడు. నేను పత్రికలో ఎరువుల కొరత గురించి ఎన్ని వార్తలు రాశానో లెక్కలేదు గాని, ఒక్క కాపరినీ అడిగి రాయలేదు.

ఇక్కడా మంద పండబెడతానని యజమానికి హిందీలో చెప్పి ఒప్పించాడు. అయితే మొదటి పూటే పొరపాటు జరిగింది. ఇక్కడి గాలికి పెంట ఎండి ఎగిరిపోతుందని భయపడి, ముందుగా ఒక మడికి నీళ్లు పారించి, ఆ తడి మీద మందను దించాడు. వారానికల్లా ఆ మడి ఇటుకైపోయింది. డెక్కల గుర్తులు అచ్చుపోసినట్టు నిలిచిపోయాయి. యజమాని చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదన్నాడు ఇతను.

తన తప్పు తనే తేల్చుకున్నాడు. "ఊళ్లె గిట్ల ఎన్నడు జెయ్యలె. బురదల మంద దించితె నేల రాయైతదని సిన్నపిల్లగానికి గూడ ఎరుకె. దుబాయి నేలకు దుబాయి తెలివి పెట్టిన."

మళ్లీ మొదలుపెట్టాడు. జాలర్లు పారేసిన పాత వలలు అడిగి తెచ్చి, ఖర్జూరపు మట్టలు పాతి, నేలను ఎనిమిది మడులు చేశాడు. గొర్రెలకు ఒక్కో మడిలో రెండు రోజులే. గడ్డి నాలుగు వేళ్ల ఎత్తు మిగిలి ఉండగానే లేపేయాలి. పొడి నేల మీదే పడుకోబెట్టాలి. అవి లేచాక మట్ట ఈనెతో పైపైన గీకి, అప్పుడు నీళ్లు. ఆ తరవాత గడ్డి మళ్లీ కమ్ముకునేదాకా ఆ మడిలోకి ఒక్క డెక్క పోకూడదు. "నేలకు గూడ శుక్రవారం ఉండాలె గద సారూ" అనేవాడు. మంద కడుపు నిండడానికి మధ్యాహ్నం తను నిద్రపోవాల్సిన వేళ పక్కతోటల కాలవగట్ల మీద పచ్చిగడ్డి కోసి మోపులు మోసేవాడు.

మొదటి నెల ఏమీ కనిపించలేదు. నాకు ఆశ పోయింది, అతనికి చెప్పలేదు. రెండో నెలలో, ఆ ఎనిమిదింటిలో మొదటి మడిలో తెల్లదనం తగ్గింది. గడ్డి కప్పిన చోట మట్టి మధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. ఒక శుక్రవారం అతను పిడికెడు మట్టి తెచ్చి నా అరచేతిలో పోశాడు. అందులో ఒక వానపాము కదిలింది. పక్కతోట నుంచే వచ్చి ఉంటుంది. ఇద్దరం దాన్ని మళ్లీ మడిలో వదిలిపెట్టి వచ్చాం.

చలి తగ్గుతుండగా యజమాని వచ్చాడు. పలకరించకుండా అతని చేతిలోని కర్ర తీసుకున్నాడు. గేటు దగ్గర, మంద పండబెట్టని చోట గుచ్చాడు, దిగలేదు. ఇటుకైపోయిన మడిలో గుచ్చాడు, గోరంత దిగింది. మొదటి మడిలోకి వెళ్లి గుచ్చాడు. జానెడు దిగింది. పెద్దాయన ఒంగి కాస్త మట్టి తీసి వాసన చూశాడు. కర్ర తిరిగి ఇస్తూ, ఇంకేమైనా వలలు కావాలా అని అడిగాడు. అంతే. అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు.

పత్రికలో నా పేరుతో మొదటి వార్త వచ్చినరోజు కూడా నేను అంత గర్వంగా నడవలేదు. ఆ సాయంత్రం ఉత్తరం రాయడానికి కూర్చుంటే, అలవాటుగా "కంపెనీల పని" దాకా వచ్చాను. నా చెయ్యి పట్టి ఆపాడు.

"అది కొట్టెయ్యి సారూ. గొర్ల కాడ ఉన్న అని రాయి. మంద పండబెట్టి నేలను లేపిన అని రాయి. మా నాయినకు సదివి ఇనిపియ్యమని గూడ రాయి."

తరవాతి శుక్రవారం అస్కర్ వాళ్లు వచ్చారు. గోడ మీద కూర్చోబోతున్న వాళ్లను లోపలికి రమ్మన్నాడు. పచ్చగడ్డి చూసి బావ, ఫ్యాక్టరీ బూట్లతోనే మడిలోకి కాలు పెట్టబోయాడు. ఇతను కర్ర అడ్డం పెట్టాడు.

"బూట్లిడిసి రా బావా. పొద్దున్నే నీళ్లు వెట్టిన, నేల తడిగున్నది."

బావ వంగి లేసులు విప్పుకున్నాడు. అయిదుగురూ వట్టి కాళ్లతో, ఒకరి వెనక ఒకరు గట్టు వెంబడి నడిచారు. ముందు ఇతను నడిచాడు.