జింక అడుగు విన్న చెవులు

అరబ్బు దేశంలో, సహం అనే ఊరి వెనక, కొండలవైపు పోయే వాదిలో మేం చెట్లు కొట్టేవాళ్లం. వాది అంటే వానొస్తేనే పారే ఏరు. మిగతా రోజుల్లో అంతా రాళ్లు, ఇసుక, ముళ్లచెట్లు. మన దగ్గర సర్కారు తుమ్మ అంటామే, అదే చెట్టు అక్కడ కూడా ఎవరూ నాటకుండానే ఏటి పొడుగునా అల్లుకుపోయింది. దాన్ని మొదలంటా కొట్టి పడేయాలి. మధ్యలో అక్కడక్కడా జమ్మిచెట్లు కనిపిస్తాయి. వాటిని అక్కడ గాఫ్ అంటారు. వాటి మీద గాటు కూడా పడకూడదు.

ఆ గ్యాంగుకి నేను చార్జ్‌హ్యాండ్‌ని, అంటే మేస్త్రీ లాంటివాణ్ణి. తెల్లవారుతుండగానే పికప్ వెనక తలుపు దించి సామాన్లు పంచడం నా డ్యూటీ. ముఖానికి జాలీ, చెవులు మూసే డిప్పలు ఉన్న హెల్మెట్, గ్లవ్స్, ముందు ఇనుము ఉన్న బూట్లు, నడుముకి కట్టుకుంటే తొడల మీద నుంచి మడమల దాకా వేలాడే మందపాటి తొడుగు. ఆ ఎండల్లో ఆ తొడుగు కట్టుకోవడమంటే పరుపు చుట్టుకున్నట్టే. సణుక్కుంటూనే అందరూ వేసుకునేవాళ్లు. నాకు మాత్రం చెట్లు కోసే చైన్ మిషన్ల చప్పుడు మొదలైందంటే ఒకచోట కాలు నిలిచేది కాదు. ఎవరి జాలీ పైకి లేచి ఉంది, ఎవరి వెనక ఎవరున్నారు అని చూస్తూ తిరిగేవాణ్ణి. నా చేతిలోనూ మిషన్ ఉన్నప్పుడు మనసు ఎప్పుడూ సగం వెనక్కే ఉండేది.

ఎక్కువగా మామ వైపు చూసేవాణ్ణి. ఆయనది మా నిర్మల్ వైపే, మా పక్క ఊరు. వరసకి ఏమీ కాడు. రూమ్‌లో మా మంచాలు పక్కపక్కన పడ్డాయి కాబట్టి నేను మామా అన్నాను, ఆయన అల్లుడా అన్నాడు. యాభై దాటిన మనిషి. ఈ పనికి ముందు చాలా ఏళ్లు మార్బుల్ కోశాడు. సామాన్లన్నీ మాట్లాడకుండా తీసుకునేవాడు. కాళ్ల తొడుగు అయితే ఇష్టంగా కట్టుకునేవాడు, ముళ్లు గుచ్చుకోవని. చెవి డిప్పలు మాత్రం హెల్మెట్ మీదకి లేపి పెట్టేవాడు.

"మామా, చెవులు మూసుకో."

"మూసుకుంట తియ్. మిషన్ షురూ కానియ్."

మిషన్ స్టార్ట్ అయ్యేది. డిప్పలు పైనే ఉండేవి. నేను వెళ్లి చేత్తో కిందికి లాగితే ఊరుకునేవాడు. నేను అటు తిరగగానే మళ్లీ పైకి. ఒకరోజు చాయ్ తాగేటప్పుడు గట్టిగానే అడిగాను.

"నాకు చెవులు మూస్తే కండ్లు మూసినట్టే అల్లుడా. ఎనక ఏమున్నదో ఎట్ల ఎరుకైతది?" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. వాళ్ల నాన్న వల వేసి జింకల్ని పట్టేవాడట. మామకి ఊహ తెలిసినప్పటి నుంచీ అడవికి వెంట తీసుకెళ్లేవాడు. వేటకి వెళ్లే రోజు సబ్బుతో స్నానం లేదు. ముందురోజు నుంచే బీడీ బంద్. పోయేచోట చిటికెడు దుమ్ము వదిలి గాలి ఎటుందో చూసుకోవాలి. జింక తల దించి మేస్తున్నంతసేపూ అడుగు వేయొచ్చు. తోక ఆడిందంటే ఆ వేసిన అడుగు వేసినట్టే ఆగిపోవాలి, ఎందుకంటే వెంటనే తల లేపుతుంది. చూపు కంటే చెవి ముందు. ఎండుటాకు మీద గిట్ట పడిన చప్పుడు వేరు, పంది నడిచిన చప్పుడు వేరు, మనిషిది వేరు. ఫారెస్టువాళ్లు వలలు పట్టుకుపోయాక ఇంట్లో ఎవరూ మళ్లీ వేటకి పోలేదు. కానీ మామ ఒంట్లోంచి ఆ అలవాట్లు పోలేదు. ఇనుప బూట్లు వేసుకుని కూడా చప్పుడు కాకుండా నడిచేవాడు. మెరిసే ఆరెంజ్ జాకెట్ వేసుకోవాలంటే మొహం ముడుచుకునేవాడు.

"గింత ఎర్రగ ఏస్కుంటే అడివంత నవ్వుతది" అనేవాడు.

పని మొదలైన కొత్తలోనే ఒక ముళ్లచెట్టు కింద కూర్చుని నల్లటి పెంటికల్ని పుల్లతో కదిపి చూపించాడు. "జింకది. మొగది. రోజు గీడికే వస్తది. గీ పొదను ఆఖరికి కొడుదాం అల్లుడా." సరే అన్నాను.

తర్వాత ఒక పొద్దున, మిషన్లు అన్నీ ఆడుతుండగా, మామ తన మిషన్ ఆపి చెయ్యి పైకెత్తాడు. నేను ఆపాను. మిగతావాళ్లూ ఆపారు. ఏదో ప్రమాదమనుకున్నాను. నాకేం వినిపించలేదు. మామ గడ్డంతో కొండ వాలు చూపించాడు. రాళ్ల రంగులోనే ఉంది, అందుకే ముందు కనిపించలేదు. సన్నటి కాళ్లు, చిన్న కొమ్ములు. మామ మెల్లగా గొంతుక్కూర్చున్నాడు. వేళ్లు వాటంతట అవే చిటికెడు ఇసుక తీసి గాలికి వదిలాయి. ఆయన మొహంలో అంత స్థిమితం రూమ్‌లో నేనెప్పుడూ చూడలేదు. జింక పోయాక లేచి, మేం అడగకుండానే, "పట్టేటందుకు కాదురా, సూసేటందుకు. ఈడ దాన్ని ముట్టుకుంటే సీదా జైలే" అన్నాడు.

ఆ రోజు నుంచి చెవి డిప్పల గురించి ఆయన్ని గద్దించడానికి నాకు నోరు వచ్చేది కాదు. అలా అని మనసు ఊరుకునేదీ కాదు.

ఏడాది తిరిగేసరికి చిన్న చిన్న తేడాలు కనిపించసాగాయి. రూమ్‌లో టీవీ సౌండ్ పెంచుతున్నాడని గొడవలు. ఇంటికి ఫోన్ చేస్తే అరిచినట్టు మాట్లాడేవాడు. ఎడమపక్క నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. వయసు అనుకున్నాను. కాదేమో అని కూడా అనుకున్నాను. ఆయన వెనక స్పానర్ కింద పడేసి చూసేవాణ్ణి. ఒక్కోసారి తిరిగి చూసేవాడు, ఒక్కోసారి చూసేవాడు కాదు. తిరిగి చూసిన రోజు నా ప్రాణం కుదుటపడేది, మర్నాడు మళ్లీ మొదలు. మొహం మీద అడుగుదామంటే ఎలా అడగాలి? చెవి మీద నమ్మకంతో బతికిన మనిషిని నీకు చెవుడా అని అడగడం నావల్ల కాలేదు.

ఒక ఉదయం మిషన్లు స్టార్ట్ చేయకముందు మామ రాయి మీద కూర్చుని చైన్ పళ్లకి ఆకురాయితో సాన పెడుతున్నాడు. నేను పెట్రోల్ పోస్తున్నాను. ఆయన వెనక తుమ్ము లాంటి చప్పుడైంది. చూస్తే జింక, ఎన్నడూ లేనంత దగ్గరగా. ముందుకాలు నేల మీద టపటపా కొట్టింది. మళ్లీ ముక్కుతో గట్టిగా ఊదింది. మామ చెయ్యి ఎత్తుతాడని చూశాను. ఆకురాయి అలా నడుస్తూనే ఉంది. జింక ఒక్క దూకులో వాలెక్కి వెళ్లిపోయింది.

మామ తలెత్తి, "ఏం సూస్తున్నవ్ రా?" అన్నాడు.

"ఏం లేదు మామా" అన్నాను. పెట్రోల్ డబ్బా మూత బిగించి లేచాను.

ఇక సైట్ ఇంజినీర్‌కి చెప్పాలి, ఇవాళ చెప్పాలి, రేపు చెప్పాలి అని నేను తిరుగుతుండగానే ఆ వారమే అది జరిగిపోయింది. ఒకే మొదట్లోంచి మూడు బోదెలు లేచిన పెద్ద తుమ్మని కొడుతున్నాను. చెట్టు ఒరగబోయే ముందు విజిల్ ఊదాలి. అందరూ వెనక్కి వెళ్లాలి. ఊదాను. అందరూ కదిలారు. మామ దూరంగా, పడిపోయిన చెట్టు కొమ్మలు నరుకుతున్నాడు. విజిల్‌కి ఒకసారి తల అటు ఇటు తిప్పినట్టు కనిపించింది, విన్నాడనుకున్నాను. చెట్టు నేననుకున్న వైపు పడలేదు. బోదె మెలిపడి మామ వైపు తిరిగింది. నేను అరిచాను. ఆయన వీపు నావైపే ఉంది. అలాగే ఉంది.

కొమ్మ చివర ఆయన భుజాన్ని కొట్టింది. ఆయన తూలాడు. తిరుగుతున్న చైన్ తొడ మీదకి వచ్చింది. ఆ తర్వాత మిషన్ ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.

నేను రాళ్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తాను. మామ తొడ మీద తెల్లగా, పత్తికాయ పగిలినట్టు, దారాలు బయటికి వచ్చి ఉన్నాయి. రక్తం కోసం వెతికాను. లేదు. కాళ్ల తొడుగు లోపలి పొడుగాటి దారాలు చైన్‌కి చుట్టుకుని దాన్ని బిగించేశాయి. లోపల ప్యాంటు కూడా చిరగలేదు. మామ ఆ దారాల వైపు చూస్తూ, "ముండ్లకని కట్టుకున్నగదరా" అన్నాడు.

భుజం వాచిపోయిందని సహం ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి నర్సు కాకినాడ వైపు ఆవిడ. మేం మాట్లాడుకోవడం విని తెలుగులోనే పలకరించింది. ముఖానికి మాస్కు ఉంది.

"నొప్పి ఎక్కడుందండి?"

"ఆఁ, తిన్నమ్మా. పొద్దుగాలనే తిన్న" అన్నాడు మామ.

ఆవిడ మాస్కు కిందికి లాగి అదే మాట మళ్లీ అడిగింది. "గీ బుజం కాడ" అన్నాడు వెంటనే. ఆవిడ మాస్కు పెట్టుకుని ఆయన వెనక్కి వెళ్లింది. "చెయ్యి పైకెత్తండి" అంది. మామ కదలకుండా కూర్చున్నాడు, నా మొహం చూస్తూ.

"ఈయన ఎప్పట్నించి ఇలా పెదాలు చూసి మాట్లాడుతున్నారండి?" అని అడిగింది నన్ను.

పక్క మంచంలో పడుకునేవాణ్ణి, నేనే అది కూడా చూడలేదు.

చెవుల పరీక్ష అయ్యాక ఆవిడే బయటికి వచ్చి చెప్పింది. "సన్నటి చప్పుళ్లు ముందు పోతాయండి. విజిళ్లు, పిట్టలు, చిన్నపిల్లల గొంతులు. లావు చప్పుళ్లు వినపడుతుంటాయి కాబట్టి మనిషికి పోయినట్టే తెలీదు. అంత మోతలో ఏళ్ల తరబడి చెవులు తెరిచి పెట్టుకుంటే ఇంతేనండి. పోయింది మాత్రం తిరిగి రాదు. చెవికి పెట్టుకునే మిషనుంది, పెట్టుకుంటే కొంత నయం."

పికప్‌లో వెనక్కి వస్తుంటే మామ కిటికీలోంచి బయటికే చూశాడు. మర్నాడు ఇంజినీర్ ఏం జరిగిందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెప్పి బయటికి వచ్చేసరికి మామ ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"చెప్పినవా?"

"చెప్పిన మామా."

"నా చెవులు పోయినయని అందరికి చెప్పుకో పో. ఇగ నాతోని మాట్లాడకు."

ఆయన్ని మొక్కల నర్సరీకి మార్చారు, సముద్రం వైపు. రూమ్ కూడా అక్కడే ఇచ్చారు. పెట్టె సర్దుకుంటుంటే నేను గుమ్మంలో నిలబడ్డాను. వెళ్లేటప్పుడు నన్ను దాటుకునే వెళ్లాడు గానీ నావైపు చూడలేదు.

ఆ ఎండాకాలం నాకు ఎక్కడా నిలకడ లేదు. మధ్యాహ్నం పని ఆపే నెలలవి. అందరూ నీడలో పడుకుంటే నేను మిషన్లు విప్పి తుడిచి మళ్లీ బిగించేవాణ్ణి. చెప్పడం తప్పు కాదని తెలుసు. ముందే ఎందుకు చెప్పలేదని ఒకసారి, చెప్పకపోతే ఏమయ్యేదని ఒకసారి. గ్యాంగులో ఇప్పుడు చెయ్యి ఎత్తేవాడు లేడు. జింక వస్తోందో మానేసిందో ఎవరికీ తెలీదు. పంపిన కబుర్లకి మామ నుంచి జవాబు రాలేదు. రెండుసార్లు నర్సరీ గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాను.

చలికాలంలో మేం ఖాళీ చేసిన చోట జమ్మిమొక్కలు నాటడం మొదలైంది. మొదటి లారీ వచ్చిన రోజు డ్రైవర్ పక్కన మామ ఉన్నాడు. చెవి వెనక ఒంటి రంగు మిషన్. నన్ను చూసి దిగాడు. మొక్కల సంచులు దింపించాడు. గుంతలు చూసి, "ఇంత మీది మీద తీస్తరారా? వేరు ఎట్ల నిలుస్తది?" అని నా మీదే కేకలేశాడు. అన్ని నెలల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. నేను పార తీసుకుని గుంతలోకి దిగాను. అంతకంటే మంచి మాట నాకప్పుడు అక్కర్లేదు.

భోజనాలప్పుడు పక్కనే కూర్చున్నాడు. "గీ మిషన్‌ల అన్ని చప్పుళ్లు ఒక్కతీరుగ ఇనవడ్తయి రా. దగ్గరేదో, దూరమేదో తెల్వది" అన్నాడు. కాసేపటికి ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. "మీ అత్తకు చెయ్. ఫోన్ల దాని మాట నాకు సమజైతలేదు. అది చెప్పేది నువ్వు జెప్పు, నేను చెప్పేది నువ్వు జెప్పు."

సిగ్నల్ సరిగ్గా లేక వీడియో ఆడలేదు. మామూలుగానే చేశాను. అత్త గొంతు ఎప్పుడూ వినలేదు నేను. నేనెవరో చెప్పాక ఆమె కాసేపు తడబడి, తర్వాత అడగడం మొదలుపెట్టింది. నేను మామ మొహానికి ఎదురుగా కూర్చుని గట్టిగా చెప్పాను.

"తిన్నవా అంటుంది!"

"తిన్న అని చెప్పు."

"బుజం ఎట్లున్నది అంటుంది!"

"మంచిగున్నది అను."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు. అత్త గొంతు తగ్గించి ఇంకో మాట అంది. అది నేను అరిచి చెప్పాల్సిన మాట కాదు. పెదాలు మాత్రం కదిపి చెప్పాను.

"ఇంటికి ఎప్పుడొస్తవ్ అంటుంది."

మామ తల దించుకుని అన్నంలో వేళ్లు ఆడించాడు. చిన్న రాయి ఏదో ఏరి పళ్లెం అంచున పడేశాడు. "వస్త అని చెప్పు. మొక్కలు నిలిచినంక వస్త. ఇగ మళ్ల పోను అని గుడ చెప్పు."

చెప్పాను. అవతలి నుంచి మాట లేదు. కోళ్ల అరుపులు, ఎవరో గిన్నె పెట్టిన చప్పుడు. ఆమె ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"ఏమంటుంది రా?" అన్నాడు మామ, నా పెదాల వైపే చూస్తూ.

ఫోన్ చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాను.

"ఏమనలే మామా. ఉన్నది లైన్ల."