పడవ చెక్కలో మేకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరినీ ఓ పట్టాన నమ్మేవాళ్ళు కాదు. దానికి మూలం మా మామ్మ. గిలకలదిండి రేవు నుంచి ఏళ్ళ తరబడి చేపలు తెచ్చే మనిషే గుమ్మంలో గంప దించినా, ప్రతి చేపకీ మొప్ప ఎత్తి చూసేది. తెలిసినవాళ్ళ దగ్గరే ఇంకా బాగా చూడాలి, మొహమాటానికి పోతే మిగిలేది కుళ్ళు చేపే అనేది.

అలాంటి ఇంటి పక్కనే తరిమెన మావయ్య ఉండేవాడు. చుట్టం కాదు, అలా పిలిచేవాళ్ళం. విప్పేసిన పాత పడవల చెక్క తెచ్చుకుని, తరిమెన మీద మంచం కోళ్ళూ, పప్పుగుత్తులూ, బొంగరాలూ చేసేవాడు. తరిమెనకి ఎక్కించిన చెక్కని ఒకరు తాడు లాగుతూ గిరగిరా తిప్పుతుంటే, ఇంకొకరు ఉలి ఆనించి దాన్ని గుండ్రంగా చెక్కుతారు. మొరటు ముక్కలోంచి నున్నటి మెడా నడుమూ బయటికి రావడం చూస్తే నాకు మతి పోయేది. నాకూ నేర్పమని వెంటపడ్డాను. సరే రమ్మన్నాడు.

మామ్మకి అది మింగుడు పడలేదు. సొంత విద్యని పరాయి పిల్లకి, అదీ ఆడపిల్లకి, ఊరికే ఎందుకు నేర్పుతాడు? జీతం లేకుండా తాడు లాగే మనిషి కావాలి గనక! పైగా ఆయన ఎవరినీ సూటిగా చూడడు, మెడ పక్కకి తిప్పి ఓరగా చూస్తాడు. మొహం కేసి చూడనివాడి కడుపులో ఏదో ఉంటుందని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. నేనూ ఆయన్ని కనిపెట్టి చూడడం మొదలుపెట్టాను. నిజంగానే వేసవి సెలవులన్నీ తాడే లాగించాడు. నా అరచేతులు బొబ్బలెక్కాయి గానీ ఉలి మాత్రం ముట్టుకోనివ్వలేదు. మామ్మ చెప్పిందే నిజమని నాకు ఒళ్ళు మండిపోయేది.

సెలవులు అయిపోవస్తుండగా ఓ మధ్యాహ్నం ఉలి నా చేతికిచ్చి, నల్లటి ముక్కొకటి ముందు పెట్టాడు.

"ఇదంతా నేను చూశాలే అమ్మాయ్, మేకులేం లేవు. ఎక్కించెయ్, బొంగరం చేద్దువుగాని. తాడు నే లాగుతాలే," అన్నాడు.

అంత తియ్యగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. నాకు అనుమానం వచ్చింది. ముక్కని అటూ ఇటూ తిప్పి తడిమాను. ఒకచోట వేలికి మరీ నున్నగా తగిలింది. పిన్నీసుతో గీకితే మైనం ఊడొచ్చింది. దాని కింద మేకు తల కనిపించింది.

నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చేశాయి. "తెలిసే ఇచ్చావు కదూ మావయ్యా? మా మామ్మ చెప్తూనే ఉంది!" అని అరిచాను.

ఆయన నవ్వలేదు. "మైనం పూసింది నేనేనమ్మా. నువ్వు చూడకుండా ఎక్కిస్తే తాడు లాగేవాణ్ణి కాదు," అన్నాడు. తర్వాత మొదటిసారి మొహం పూర్తిగా నా వైపు తిప్పి, ఎడమ కన్ను కింది రెప్ప లాగి చూపించాడు. నల్లగుడ్డు మీద తెల్లటి పొర. తిరిగే చెక్కలో ఉలి మేకుకి తగిలి, విరిగిన ఇనప ముక్క ఎగిరి గుచ్చుకుందట. మేకులు లేవని చెప్పి ఆ చెక్క ఆయన చేతికిచ్చింది వాళ్ళ నాన్నే.

"మా నాన్న అబద్ధం చెప్పలేదే. నిజంగానే చూశాడు. ఒక్కటి కనపళ్ళేదంతే. ఆయన చూశాక మళ్ళీ నే చూస్తే ఏమనుకుంటాడో అని ఊరుకున్నా."

ఆ సాయంత్రం మామ్మకి అంతా చెప్పాను. మర్నాడు చేపల పులుసు గిన్నె నా చేతికిచ్చి పక్కింటికి పంపింది. ముళ్ళు చూసుకుని తినమని చెప్పమంది.

ఇప్పుడు నా షెడ్డులో ఉన్నది కరెంటు తరిమెన. సెలవుల్లో గూడూరు నుంచి కూడా పిల్లలు నేర్చుకోవడానికి వస్తారు. ఈ వయసులోనూ సూదిలో దారం ఎక్కించే నా రెండు కళ్ళతో ప్రతి ముక్కనీ చూసే ఇస్తాను. ఒక్కదానికి మాత్రం మేకు మీద మైనం పూస్తాను. "మీరు చూశారు కదా అమ్మమ్మగారూ?" అని అడుగుతారు. చూశానంటాను. చాలామంది నమ్మేసి ఎక్కించేస్తారు. ఎప్పుడో ఒక పిల్ల మొహమాటపడుతూనే అటు తిరిగి, నాకు కనపడకుండా ముక్కని వేళ్ళతో తడుముతుంది. నన్ను నమ్మని ఆ పిల్లకి ఇంకో ముక్క ఇచ్చి, స్విచ్చి వేస్తాను.