చూసి అనుమానపడిన మనిషి

"అవ్వ పోయిందే చెల్లె" అని ఎడపల్లి నుంచి అన్న ఫోన్ చేసినప్పుడు నేను నిజామాబాదులో దుకాణం షట్టర్ ఎత్తుతున్నాను. సరేనని పెట్టేసి, వెంటనే వదినకు ఫోన్ చేశాను. ఏమీ తెలియనట్టు "పెద్దమ్మ ఎట్లుంది?" అన్నాను. వదిన ఏడ్చింది. అప్పుడు గానీ నమ్మలేదు. ఒకే మాట ఇద్దరిని విడివిడిగా అడిగి, రెండు జవాబులూ కలిస్తేనే నమ్మాలని నాకు నేర్పింది ఆ పోయిన మనిషే.

ఆమె మా అమ్మకు అక్క. ఫోన్ చేసిన అన్న ఆమె కొడుకే, తల్లిని అవ్వ అంటాడు. భర్త పోయాక చెరుకూ వరీ తానే పండించింది. ఎరువు బస్తా ఇంటికొస్తే ముందు కుట్టు చూసేది, విప్పి మళ్లీ కుట్టారేమోనని. బోధన్ అంగట్లో మరాఠీలో మాట్లాడుకునే బేరగాళ్ల పక్కన చెవిటిదానిలా నిలబడి, అంతా విన్నాకే నోరు విప్పేది. నాకు సంబంధం వచ్చినప్పుడు "పిలగాడు మంచోడని నలుగురు జెప్పిండ్రు" అని అమ్మ అంటే, "ఆ నలుగురు ఒక్కని దగ్గర్నే ఇన్నరేమో" అంది. అలాగని ఎవరి మీదా పగ పెట్టుకునేది కాదు. చూసేది, తేల్చుకునేది, తేలాక మళ్లీ ఆ మాట ఎత్తేది కాదు.

అందుకే జబ్బు వచ్చినప్పుడు మేమెవరం పోల్చుకోలేదు. మొదట, వదిన కూరలో ఏదో కలుపుతోందంది. మా ఇళ్లల్లో అది కొత్త మాటేమీ కాదు. తర్వాత ఆ అనుమానం పక్క పొలం ఆవిడ మీద పడింది. వాళ్లు ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద భూమి కొనుక్కున్నవాళ్లు. ఇద్దరూ ఒకరి కాన్పుకు ఒకరు నీళ్లు కాచిన మనుషులు. అలాంటిది ఒక మధ్యాహ్నం కూలీలందరి ముందూ పెద్దమ్మ "నా బోరుల మందు గలిపినవ్" అంది.

"ఏంటొదినా ఆ మాట? నీ చేతి అన్నం తిన్నదాన్ని, నీ నీళ్లలో మందు కలుపుతానా?" అని ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. ఎవరో చేతబడి చేశారని ఊళ్లో కొందరన్నారు. అన్న తాయెత్తు తెచ్చి కట్టాడు.

అసలు సంగతి పట్టుకున్నది పెద్దమ్మే. నేను చూడబోతే లోపలికి పిలిచి తలుపు దగ్గరకేసింది.

"బిడ్డా, గీ అనుమానం నాది గాదు."

"అంటే?"

"నేను సూసి అనుమానపడేదాన్ని. ఇప్పుడు సూడకముందే వస్తుంది. ఆమె నా బోరు దిక్కు రానే లేదని నాకెరుకే. ఎరుకుండంగ నోట్లకెల్లి ఆ మాట ఎట్లొచ్చింది? తలల ఏదో మోపైంది. నన్ను దవఖానకు తీస్కపో."

నిజామాబాదులో స్కాన్ తీశారు. మెదడు రెండు భాగాలూ కలిసేచోట, బాగా లోపల గడ్డ. టీబీ గడ్డ కావచ్చు, క్యాన్సర్ కావచ్చు, క్యాన్సర్‌లోనూ రకాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో మందు అన్నారు. ఏదో తేలాలంటే పుర్రెకు రంధ్రం పెట్టి ముక్క తీయాలి. అంత లోతుకు వెళితే మాటో కాలో పోవచ్చు. హైదరాబాదులో డాక్టరమ్మ ఇంకో దారి చెప్పింది. నడుము దగ్గర సూదితో వెన్ను నీరు తీసి, అందులో డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తామంది.

"నడుముల నీరు తీస్తే కాళ్లు పడిపోతయట" అని అన్న నా చెవిలో గొణిగాడు. మా మీద ఏదో ప్రయోగం చేస్తున్నారని నా అనుమానం. పెద్దమ్మ మాత్రం సూటిగా అడిగింది.

"గడ్డ తలల ఉంటే నీళ్లు నడుములకెల్లి ఎందుకు?"

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మెదడూ వెన్నుపామూ ఒకే నీటిలో ఉంటాయమ్మా. గడ్డలో కణాలు చచ్చిపోతూ ఉంటాయి. వాటి డీఎన్‌ఏ తునకలు ఆ నీటిలోకి రాలుతాయి. వాటిలో కొన్ని మార్పులు కనిపిస్తే గడ్డ ఏ రకమో తెలుస్తుంది."

"కనవడకపోతే గడ్డ లేనట్టా?"

"కాదు. మాకు దొరకలేదనే అర్థం. అప్పుడు ముక్క తీయక తప్పదు."

"కాళ్లు?"

"వెన్నుపాము అయిపోయినచోటుకు కింద పెడతాం సూది. కొన్నాళ్లు తలనొప్పి ఉండొచ్చు."

తర్వాత నన్ను మజ్జిగకు పంపి, నర్సును అవే ప్రశ్నలు అడిగింది. నేను తిరిగొచ్చేసరికి తేల్చుకుని కూర్చుంది. "ఇద్దరి మాట గలిసింది. తెల్వనిది తెల్వదని గూడ జెప్పిండ్రు. సూది పెట్టుమను."

మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, నా చెయ్యి పట్టుకుని పడుకుంది. నీరు చుక్కచుక్కగా సీసాలోకి దిగుతోంది.

"ఎట్లున్నయ్ బిడ్డా?"

"తేటగున్నయ్ పెద్దమ్మా."

"తేటగున్నయని నమ్మకు."

నిజమే. ఆ తేట నీటిలోనే గడ్డ జాడ దొరికింది. క్యాన్సరే, కానీ తల తెరవకుండా నరంలోకి ఎక్కించే మందుకు లొంగే రకం. అన్న నన్ను బయటికి పిలిచాడు. అవ్వకు చెప్పొద్దన్నాడు. లోపలికెళ్లి టీబీ అని చెప్పాడు. ఆ సంగతి నాకు తెలియదు. ఆమె నన్ను అడిగితే, వాపు అన్నాను.

"వాడు టీబీ అన్నడు, నువ్వు వాపంటున్నవ్. అబద్ధం జెప్పేటోళ్లు ముందుగాల కూసోని మాట్లాడుకోవాలె."

చెప్పేశాను. "నయం. నా బుద్ధి పాడుగాలేదు" అంది. ఆమెను అన్ని నెలలూ భయపెట్టింది చావు కాదని నాకప్పుడు అర్థమైంది.

మందు పనిచేసింది. ఊరికి వచ్చిన రోజున సొంత గడప తొక్కకుండా పక్క పొలం వాళ్లింటికి నడిచింది. "జబ్బు మాట్లాడింది ఒదినా, నువ్వు కాదుగా" అంది ఆవిడ, ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంటూ. "నోరు నాదే గదా" అంది పెద్దమ్మ. ఇద్దరూ అరుగు మీద కూర్చుని చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. కొన్నాళ్లకు వదిన ఫోన్ చేసి నవ్వుతూ చెప్పింది: "పాలల్ల నీళ్లు గలిపినవని అత్తమ్మ ఇయ్యాల తిట్టింది. నిజంగనే కలిపిన!" ఆ తిట్టు విని ఇల్లంతా సంబరపడింది.

మరుసటి చెరుకు కోతలకు గడ్డ మళ్లీ వచ్చింది. ఈసారి మందు లొంగదీయలేదు. ఆమె డాక్టరమ్మను అడిగింది, నన్నూ అడిగింది. మేమిద్దరం ఒకే మాట చెప్పాం. "అయితే ఇంటికి పోదాం తియ్" అంది.

ఆఖరుసారి వెళ్లినప్పుడు వాకిట్లో నులక మంచం మీద ఎండకు కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. నా చెల్లెలి కొడుకు గురించి ఏదో చెబుతూ, మాట మధ్యలోనే నా భుజం మీదికి ఒరిగి నిద్రపోయింది. నా కొంగు అంచు ఆమె పిడికిట్లో ఉంది. రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. బండి కుదిపినప్పుడల్లా ఎండుటాకులు రాలి, గాలికి మా వాకిట్లోకి వస్తున్నాయి. ఒకటి ఆమె ఒళ్లో పడింది. తీద్దామనుకుని, కదిలితే లేస్తుందేమోనని అలాగే ఉండిపోయాను.