మడమ మీద ఇరవై ఏడు

మా అమర్‌ధోజ్ గురుంగ్ చెమటోడ్చి సాధించిన మొదటి విజయం, మా పల్టన్‌లో ఉండగా బురదలో దొరికిన రైఫిల్ ఎవరిదో చెప్పడం. భుజానికి ఆనే చెక్క మడమ మీద తెల్లరంగుతో వేసిన నంబరు పూర్తిగా చెరిగిపోయింది. పూటంతా వేలితో తడిమి, "ఇరవై ఏడు. హస్తబీర్‌ది. బుగ్గ ఆనే చోట గాటు పెట్టుకుంటాడు వెధవ" అన్నాడు. నిజమే. కర్నల్ తుపాకుల గది తాళాలు ఆయన చేతికిచ్చాడు. అప్పటినుంచి ఆయనకి మనుషుల పేర్లతో పనిలేకుండా పోయింది. ఎవరినైనా వాళ్ల రైఫిల్ మడమ మీది నంబరుతోనే పిలుపు.

పింఛను పుచ్చుకుని నేపాల్‌లో స్యాంగ్జా కొండల్లో ఊరు చేరినా అదే వరస. కొండ పరుగులో మూడేళ్లు పల్టన్‌కే మొదటివాణ్ణి నేను. పతకాలు రెండు. దిగిపోయింది సుబేదారుగా. అయినా ఆయనకి "తొమ్మిది"నే.

"నలుగురిలో సుబేదారు సాబ్ అనవచ్చుగా, అన్నా!"

"సుబేదార్లు బోలెడుమంది. తొమ్మిది ఒక్కడే. కూర్చో."

కూర్చోవడమూ ఆయన అరుగు మీద నంబర్లు వేసిన బల్ల మీద ఎవరి నంబరు దగ్గర వాళ్లే.

"పెళ్లిలో నా పేరడిగితే 'ఇంకా నంబరు వెయ్యలేదు' అన్నాడు మహానుభావుడు" అనేది వదిన.

ఈ భాద్రం నెల వానల్లో మా ఊళ్లోనే ఉంటున్న హస్తబీర్ తప్పిపోయాడు. రెండేళ్లుగా మతిమరుపు, తన పేరే తనకి తెలియదు. లోయలన్నీ తిరిగి "హస్తబీర్!" అని గొంతులు పోయేలా అరిచాం. పరుగు వీరుణ్ణి, రెండో మలుపులోనే చతికిలబడ్డాను. కొండచరియలు విరిగి నది ఎర్రబడింది. దసైన్ పండగ వచ్చింది, ఊళ్లో మేక తెగలేదు. తీహార్‌కి దీపం వెలగలేదు. చివరికి అతని కొడుకు తండ్రి పేర గడ్డిబొమ్మకి కర్మ చేసేస్తానన్నాడు. అందరం తలలు వంచి ఊఁ అన్నాం.

అమర్‌ధోజ్ ఒక్కడే అడ్డుపడ్డాడు. "ఇరవై ఏడు ఇంకా జమ కాలేదు. తలుపు మూయడానికి వీల్లేదు."

"ఇవాళైనా ఆ నంబర్ల పిచ్చి మానుకో అన్నా!" అని విరుచుకుపడ్డాను.

"పిచ్చేమిటి తొమ్మిదీ? సరిహద్దులో రోజూ సాయంత్రం తుపాకుల గది గుమ్మంలో నిలబడింది నేను. ఎవరి నంబరు గదిలోకి చేరితే వాడు బతికి వచ్చినట్టు. అన్నీ చేరితేనే నాకు ముద్ద దిగేది."

ఆయన సంచి తగిలించుకుని నది వెంట దిగిపోయాడు.

నిన్న దేవ్‌ఘాట్ నుంచి అన్న ఫోన్. అక్కడి ఆశ్రమంలో ఊరూ పేరూ చెప్పని ముసలాయన ఒకడున్నాడట. ఎవరేమని పిలిచినా నవ్వేవాడట. ఈయన గుమ్మంలోంచే "ఇరవై ఏడూ!" అని గర్జించాడు. ముసలాయన గంజిగిన్నె వదిలేసి నిటారుగా నిలబడ్డాడు.

"హజూర్! రైఫిల్ తుడిచాను, నూనె రాశాను!"

"అబద్ధం. నువ్వెప్పుడు తుడిచావురా?" అని కావలించుకున్నాడట.

"బల్ల కడిగించు తొమ్మిదీ" అని ఫోన్‌లోనే నాకు హుకుం. "ఇద్దరం జమ అవుతాం, మంసిర్ నెల పన్నెండున."