బాపు దరఖాస్తు, అమ్మ కార్డు

నిజామాబాద్ నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చాక వారం రోజులు మా ఇంట్లో పండగే. ఎనిమిదో రోజున, హాస్టల్‌తో కలిపి ఫీజెంతో తెలిసింది. ఎక్కడా సాయం దొరక్కపోతే నేను ఆర్మూర్‌లోనే ఏదో ఒక బట్టల దుకాణంలో పనికి చేరాలి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు.

దారులు రెండున్నాయి. పసుపు వ్యాపారులు కలిసి నడిపే ఒక ట్రస్టు రైతుల పిల్లలకు ఫీజంతా కడుతుంది. రెండోది బీడీ కార్మికుల పిల్లలకు ప్రభుత్వమిచ్చే స్కాలర్‌షిప్పు. అది కొంచెమే వస్తుంది. మరోచోట సాయం అడగడం లేదని రాసిస్తేనే ట్రస్టు దరఖాస్తు తీసుకుంటుంది. అంటే ఏదో ఒకటే ఎంచుకోవాలి.

బాపు ఆలోచించనే లేదు. "మనం రైతులం. రైతుబిడ్డ లెక్కనే అడుగుదాం" అన్నాడు. అమ్మ ఇరవై ఏళ్లుగా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. అయినా ఎవరైనా ఆమె సంగతి అడిగితే బాపు "ఇంట్లనే ఉంటది" అనేవాడు. అబద్ధం కాదు, చుట్టేది ఇంట్లోనే కదా మరి. అమ్మ ఆకు కత్తిరిస్తూ "మీ ఇష్టం" అంది. ఆ మాట ఆమె ఇష్టం లేనప్పుడే అంటుందని మా ఇంటి పిల్లికి కూడా తెలుసు.

ట్రస్టు పెద్దమనిషి దగ్గరికి పోయే రోజు బాపు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడిగాడు. మా చేన్లో పండిన మంచి పసుపు కొమ్ములు ఏరి, కానుకగా ఒక సంచిలో పోశాడు. ఇది సాయం అడగబోయే వాలకం కాదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఆ సేటు మాకు కుర్చీలు చూపించి, మర్యాద కోసం అడిగాడు.

"ఏం పటేలా, గీసారి పసుపు ఎట్లున్నది?"

పసుపు రైతును ఏ వ్యాపారీ ఆ ప్రశ్న అడగకూడదు. మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లు రాశి ముందు నిలబడి తన సరుకును పొగిడిన నోరు బాపుది. కొనేవాడి ముందు పంటను తక్కువ చేసి చెప్పడం దానికి చేతకాదు.

"మస్తుగున్నది సేటు. గిసొంటి పసుపు చుట్టుపక్కల ఎవ్వలకూ పండలే. ఇరిచి రంగు చూడు. గీయేడు మనకు ఫికర్ లేదు."

నేను బాపు చొక్కా పట్టి లాగాను. ఆయన ఇంకో రెండు మాటలు కలిపాడు. సేటు కొమ్ము విరిచి చూసి, నవ్వి, మా కాగితాలను మెల్లగా మావైపే జరిపాడు.

"సంతోషం పటేలా. గట్లయితే గీ సాయం పంట పోయినోళ్లకు ఇద్దాం."

బయటికొచ్చాక కోపంతో నేను బాపు కంటే పదడుగులు ముందు నడిచాను. తర్వాత చాయ్ తాగుతుంటే ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఇంటికొచ్చి చెబితే అమ్మ నవ్వలేదు. చేతులు కడుక్కుని, పెట్టె అడుగు నుంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన తన బీడీ కార్మికుల గుర్తింపు కార్డు తీసింది.

"హాస్టల్ ఒద్దు. పొద్దుగాల బస్సుకు పో, మాపటి బస్సుకు రా. గీ పైసలతోని ఎల్తది" అంది. ఆమె ఇదంతా ముందే ఆలోచించి పెట్టుకుందని తెలిసి నాకు సిగ్గేసింది.

అమ్మ కార్డు మీద పెట్టిన దరఖాస్తు మంజూరైంది. నేను నిజామాబాద్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎముకల పేర్లు బట్టీపడుతూ మొదటి ఏడాది గట్టెక్కాను.

రెండో ఏడాదికి మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ముగ్గురం ఇంటర్నెట్ సెంటర్‌కు పోయాం. కంప్యూటర్ ముందున్నాయన అలవాటుగా "తండ్రి ఏం పని చేస్తడు?" అని బాపును అడిగాడు. మా వెనక లైన్లో మా వాడకట్టువాళ్లే నలుగురు నిలబడి ఉన్నారు.

"నన్నెందుకు అడుగుతవ్?" అన్నాడు బాపు, అందరికీ వినబడేటట్టు. "పిల్లను సదివించేది వాళ్లమ్మ. బీడీలు చేస్తది. ఆమె పేరు రాయి."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "జర మెల్లగ మాట్లాడరాదు" అంది. అంత సంతోషంగా ఆమెను నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.