అవ్వ చుట్టల కోసం ఆత్మకూరు

ఉదయగిరి బజారులో చుట్టలు దొరకవని కాదు. దొరుకుతాయి. కానీ అవి మా అవ్వ నోట పెట్టేవి కావు. అవ్వ అంటే మా నాయనను కన్న తల్లి. మర్నాడు ఆమె పెద్దకర్మ. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఆ రోజు వండి విస్తట్లో పెట్టాలి. వంకాయలు, మినప్పప్పు, కల్లు, అన్నీ కుదిరాయి. చుట్ట ఒక్కటే కుదరలేదు.

చివరి యేడాది ఆమెకు దగ్గు ముదిరింది. వైద్యుడు చుట్ట ముట్టనివ్వొద్దన్నాడు, నాయన ముట్టనివ్వలేదు. పోయే ముందు రోజు కూడా అడిగింది. అందుకే నాయన నన్ను పిలిచి, "మ్మే, ఆమె చుట్ట సంగతి నీకే తెలుసు. ఆత్మకూరుకు పోయి మస్తాన్ సాయిబు చుట్టిన చుట్టలు తీసుకరా. ఇదన్నా సరిగ్గా చేద్దాం," అన్నాడు. మస్తాన్ సాయిబు ఒకప్పుడు మా వీధి చివర కూర్చుని చుట్టలు చుట్టేవాడు. ఇక్కడ బతుకు జరగక ఆత్మకూరుకు తరలిపోయాడు.

తోడు మా చిన్నాయన వచ్చాడు. ఆయనది ఎవరినీ నొప్పించని స్వభావం. నాది అట్లాంటిది కాదు.

ఉదయం ఆరున్నర బస్సుకు బయలుదేరాం. బొగ్గుతో నడిచే బస్సులు పోయి పెట్రోలు బస్సులు వచ్చిన కొత్త అది. అయినా డ్రైవరుకు పాత అలవాటు పోలేదు, ఎత్తు కనపడితే చాలు బస్సు ఆపి ఇంజను వైపు అనుమానంగా చూసేవాడు. ఈ దారిన పోయేవాళ్లు ఉదయం పూట కుడి పక్కన కూర్చోండి, ఎండ తప్పుతుంది. మైలలో ఉన్నాం కనుక బయట తినకూడదని సద్ది మూట కట్టుకున్నాం.

దుత్తలూరు దాటినాక మా వెనక గొర్రెల కాపరి ఒకాయన చుట్ట ముట్టించబోయాడు. కండక్టరు కేకలేశాడు.

"తాతా, ఆర్పు! బస్సు తగలబెడతావా ఏంది?"

"ముందు ఇది తగలబడాల గదరా, ఆనక బస్సు!" అన్నాడు ఆ తాత. అప్పటికే నాలుగు పుల్లలు గీశాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నేను నవ్వింది అదే.

ఆత్మకూరులో దిగేసరికి పదకొండు కావస్తోంది. బస్సులు ఆగే చోటికి ఎదురుగానే చుట్టల అంగడి. రేకు డబ్బాల నిండా చుట్టలు నిలబెట్టి ఉన్నాయి, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. అంగడాయన ఒక కట్ట తీసి నా ముందు పెట్టాడు. ఒకటి లాగి వేళ్ల మధ్య పెట్టి చూశాను.

చుట్ట చూడడం నాకు అవ్వే నేర్పింది. చిన్నప్పుడు నన్ను పంపి తెప్పించేది. బాగాలేకపోతే తిట్టేది కాదు, మళ్లీ పంపేది, అంతే. ఎండలో తిరిగి తిరిగి నేర్చుకున్నాను. మొదట రెండు వేళ్లతో ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా నొక్కుతూ పోవాలి. ఒకచోట గట్టిగా, ఒకచోట బోలుగా తగిలితే పొగ సాగదు. చెవి దగ్గర పెట్టి తిప్పాలి. పెళపెళమంటే ఎండిపోయిందని, బంకగా వేలికి అంటుకుంటే పచ్చిదని. తర్వాత కోసిన కొస వాసన చూడాలి. మాగిన ఆకుకు బెల్లం పాకం లాంటి వాసన ఉంటుంది. ముక్కులో గుచ్చుకునే ఘాటు వస్తే అది ఆకు మాగకముందే చుట్టింది. ఇవన్నీ అయ్యాక అసలు పరీక్ష నిప్పు. నిప్పు చుట్టూ సమంగా తిరగాలి, బూడిద తెల్లగా నిలబడాలి.

ఆ చుట్ట మొదటి నొక్కుకే దొరికిపోయింది. నడుమ బోలు. రెండోదీ అంతే. మూడోది ముక్కు దగ్గర పెట్టుకుంటే తుమ్ము వచ్చింది.

"ఇవి కాదు. మస్తాన్ సాయిబు చుట్టినవి ఇయ్యి," అన్నాను.

"అన్నీ మంచివేనమ్మా. ఇంతకీ ఎవురికి?"

"మా అవ్వకు. రేపు పెద్దకర్మ."

ఆయన ముఖం తేలికపడింది. పెద్ద చిక్కు విడిపోయినట్టు నవ్వాడు.

"ఆ మాట ముందే చెప్పొద్దా! విస్తట్లో పెట్టేదానికేగా. పోయినామె పీల్చి చూస్తదా? కంటికి బాగుంటే సాలు. ఇయ్యే తీసకపో."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లయినా ఈ మాట రాస్తుంటే మండుతూనే ఉంది. బతికుండగా అడిగితే ఇవ్వలేదు. పోయినాక కూడా పెడితే మోసమే పెట్టాలా? చేతిలోని చుట్టను నడిమికి విరిచాను. పై ఆకు ఒక్కటే ఆకు. లోపల ఈనెలు, పొడి, ఎక్కడిదో గడ్డిపోచ కూడా.

"ఇది చుట్టా? పశువుల కొట్టం ఊడ్చి చుట్టినావా?" అన్నాను.

"విరిచినదానికి డబ్బులు పెట్టు. ఆడమనిషివి, చుట్ట సంగతి నీకేం తెలుసు? ఎప్పుడన్నా తాగినావా?"

అంగడి ముందు జనం పోగయ్యారు. చిన్నాయన నా మోచేయి పట్టుకుని, "పోనీలేమ్మే, రెండు తీసకపోదాం. రేపు చూసేదెవురు?" అన్నాడు.

"అవ్వ చూస్తది," అన్నాను. చిన్నాయన మీదా కోపం వచ్చింది. అవ్వ ఆయనకూ కన్నతల్లే కదా.

అంగడికి వేలాడే తాడు కొసన నిప్పు రగులుతోంది. ఇంకో చుట్ట తీసి దానికి ఆనించి నోట పెట్టుకున్నాను. అవ్వకు పొయ్యి దగ్గర ముట్టించి ఇచ్చిన నోరే కనుక దగ్గు రాలేదు. రెండుసార్లు లాగేసరికి నిప్పు ఒక పక్కనే లోపలికి దిగిపోయింది. రెండో పక్క పచ్చిగా అట్లాగే ఉంది. బూడిద నల్లగా రాలి నా కొంగు మీద పడింది. జనంలో ఒకాయన, "అయ్యా, రోజూ నీ దగ్గర కొనేది ఇదా?" అన్నాడు. అంగడాయన నన్ను వదిలి అతనితో తగాదాకు దిగాడు.

మస్తాన్ సాయిబు ఎక్కడుంటాడని పక్కవాళ్లను అడిగితే ఆ అంగడి వెనక పంచనే చూపించారు. ఆయన పీట మీద వంగి కూర్చుని చుడుతున్నాడు. ముందర అవే ఈనెలు, అదే పొడి. నేను విరిచింది ఆయన చుట్టినదే.

"నువ్వేనా సాయిబూ, ఇవి చుట్టింది?"

ఆయన తలెత్తి గుర్తుపట్టాడు. "రామ్మా, రా. పెద్దామె బాగుండాదా?"

"పోయింది. రేపు పెద్దకర్మ. నీ చుట్ట కోసం వచ్చినా. నువ్వు ఇదా చుట్టేది? నీ చుట్ట తప్ప నోట పెట్టని మనిషికి దీన్ని పెట్టమంటావా?"

ఆయన చేతులు ఆగిపోయాయి. తర్వాత, "ఆకు అంగడాయనది తల్లీ. ఆయన ఏది పోస్తే అది చుట్టాల. పై ఆకు నిగనిగలాడితే సాలంటాడు," అన్నాడు.

"సాలని నువ్వూ ఒప్పుకున్నావుగా," అన్నాను. అంత కటువుగా అనకుండా ఉండాల్సిందని చిన్నాయన ఇప్పటికీ అంటాడు. నేను ఒప్పుకోను.

సాయిబు లేచి మూలనున్న పెట్టె తెరిచి గుడ్డలో చుట్టిన ఆకుకట్ట తీశాడు. విప్పగానే పంచంతా పాకం వాసన. "ఇది నా సొంతం. రెండేండ్లు మాగింది. ఇప్పుడే చుట్టిస్తా. కానీ తడిపి చుట్టాల గదా, ఆరేదానికి దినాలు పడతది. రేపటికి పచ్చిగానే ఉంటది."

పచ్చి చుట్ట అంటే అవ్వకు గొంతు పట్టేది. పోయినాక కూడా ఆమెను దగ్గించడానికి నాకు మనసు రాలేదు. ఆ బోలు చుట్టలు పెట్టడానికి అసలే రాలేదు. చిన్నాయన మూడు గంటల బస్సు పోతుందని కంగారుపడుతున్నాడు.

సాయిబే మెల్లగా అన్నాడు. "నువ్వు పుట్టకముందు, చేతులు వణకనంతకాలం, పెద్దామె ఒకరు చుట్టింది తాగేది కాదమ్మా. ఆకు ఒళ్లో పోసుకుని ఆమే చుట్టుకునేది. నా కన్నా బిగువుగా చుట్టేది."

"అయితే ఆకే ఇయ్యి," అన్నాను.

"ఆకా?"

"వణుకు ఆమె ఒంటితోనే పోయింది. ఇప్పుడు ఆమే చుట్టుకుంటది. ఆరబెట్టుకుని తాగుద్ది. తొందరేముండాది ఆమెకు?"

మంచి ఆకులు ఏరి, అరటిపట్టలో పెట్టి, పై ఆకుకు వేరే వెడల్పాటివి తీసి ఇచ్చాడు. డబ్బులు వద్దన్నాడు. నేను బలవంతం చేయలేదు, వస్తానని కూడా చెప్పలేదు.

మూడు గంటల బస్సు మూడున్నరకు కదిలింది. సద్ది చిన్నాయన తిన్నాడు, నాకు సహించలేదు. పక్కన కూర్చున్న ఆమె నా ఒడిలోని ఆకు మూట వాసన చూసి, "మిఠాయా అమ్మా?" అని అడిగింది. పొగాకు అంటే నమ్మలేదు. దారి పొడవునా మనసులో అంగడాయనతో పోట్లాడుతూనే ఉన్నాను. ఆత్మకూరుకు చుట్టల కోసం పోయేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మొదటి చుట్టను అక్కడే విరిచి చూడండి. మొహమాటపడొద్దు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. నాయన అరుగు మీద నుంచే, "చుట్టలేవమ్మే?" అన్నాడు. మూట విప్పి ఆకు చూపించాను. ఆయన నన్ను చూశాడు, తమ్ముణ్ణి చూశాడు. చిన్నాయన నేల చూపులు చూస్తున్నాడు.

మా ఇళ్లలో విస్తరి పెట్టినాక అందరం బయటికి వచ్చి, పోయినవాళ్లు తినేదాకా తలుపు దగ్గరకు వేస్తాం. కాసేపు ఆగి, దగ్గి, తలుపు తీస్తాం.

"రేపు మాత్రం తలుపు తొందరగా తీయొద్దు నాయనా," అన్నాను. "ఆమె చుట్టుకోవాల."