కడప రాయి మీద సూర్యుడు

గుడివాడలో సూర్యుణ్ణి వెలిగించినవాణ్ణి నేను. ఎండాకాలం సెలవుల్లో, కాలేజీ ఫిజిక్సు ల్యాబులో, కిటికీలన్నీ మూసి, ఆవగింజలో సగం కూడా లేని గుండు మీదికి ఎనిమిది లేజరు కిరణాలు గురిపెట్టి మరీ వెలిగించాను. బందరులో మా వీధి చివర టీ బండి దగ్గర ఈ మాట విననివాళ్ళు లేరు. కొందరు రెండోసారి కూడా విన్నారు, పాపం.

రాయడానికి కూర్చున్నాక మాత్రం చెయ్యి కాస్త వెనకాడుతోంది. టీతోపాటు చల్లారిపోయే మాట వేరు, కాయితం మీద నిలబడే మాట వేరు. అందుకని ముందే కొంత తగ్గించుకుంటాను. కిరణాలు ఎనిమిది కాదు, నాలుగు. ఆ నాలుగూ కూడా ఒక చిన్న లేజరు గొట్టంలోంచి వచ్చిన ఒకే ఎర్ర కిరణాన్ని అద్దాలతో చీల్చి చేసినవి. దానితో అగరొత్తి కూడా అంటుకోదు. సూర్యుడు వెలగలేదు. కిటికీలు మూసిన మాట నిజం. ఫ్యాను ఆపిన మాట అంతకంటే నిజం. ఆ చెమట నాకింకా గుర్తుంది.

నేను గుడివాడలో ఫిజిక్సు లెక్చరర్ని, ఇల్లు బందరు. పొద్దున్నే పాసింజరెక్కడం, పెడన దాటాక ఒక కునుకు తీయడం, సాయంత్రం మళ్ళీ అదే బండి. ఉద్యోగమంతా అలాగే గడిచింది. తొంభైలు అయిపోతున్న రోజుల్లో, ఒక వేసవి మధ్యాహ్నం, నా పాత శిష్యురాలు మా ఇంటికొచ్చింది. వాళ్ళది దివిసీమలో నాగాయలంక అవతల సముద్రపొడ్డు ఊరు. తండ్రి వేటకెళ్ళే మనిషి, సొంత పడవ ఉంది. ఆ అమ్మాయి నా దగ్గర బీయస్సీ చదివి, ఆ పైన ఎక్కడెక్కడో చదివి, ఉత్తరాన ఒక పెద్ద లేజరు కేంద్రంలో చేరింది. వాళ్ళమ్మకి ఆపరేషనని సెలవు పెట్టి వచ్చిందట.

"మాస్టారూ, మీ ల్యాబు తాళం కావాలి" అంది గుమ్మంలోనే.

"ముందు టీ తాగమ్మా."

"తాళం ఇస్తానంటే తాగుతాను."

ప్రిన్సిపాలుతో గట్టిగా వాదించి ఆ తాళం సంపాదించానని తరవాత చాలామందికి చెప్పాను. నిజానికి అది అప్పటికే మా ఇంట్లో మేకుకి వేలాడుతోంది. సెలవులిచ్చిన రోజున తిరిగి ఇవ్వడం మర్చిపోయాను.

ఆ అమ్మాయి కష్టం ఏమిటో చెప్పాలి. సూర్యుడిలో జరిగేదేమిటి? హైడ్రోజన్ పరమాణువుల కేంద్రకాలు ఒకదాన్నొకటి నలుపుకుని కలిసిపోతాయి, ఆ కలయికలో బోలెడు వేడి పుడుతుంది. దాన్నే భూమ్మీద చెయ్యాలని వాళ్ళ కేంద్రంలో ప్రయత్నం. ఇసకరేణువంత బోలు గుండులో హైడ్రోజన్ నింపి, అన్ని వైపులనించీ ఒకేసారి మహా బలమైన లేజరు కిరణాలతో కొడతారు. అన్నీ సమంగా తగిలితే గుండు లోపలికి నలుగుతుంది. ఒక్క కిరణం వెంట్రుకవాసి తప్పినా, చేతిలో కోడిగుడ్డు ఒకవైపు నొక్కినట్టు పక్కకి చితికిపోతుంది. ఆ బలమైన కిరణం కంటికి కనపడదు, రెప్పపాటు కూడా ఉండదు. అందుకని అదే దారిలో ముందుగా ఒక బలంలేని ఎర్ర కిరణాన్ని పంపి గురి చూసుకుంటారు. గుండు ప్రతిసారీ ఆవిరైపోతుంది గనక, ప్రతిసారీ కొత్త గుండు, మళ్ళీ గురి. ఆ గురి సర్దడానికే వాళ్ళకి రోజంతా పట్టేది.

"ఎందుకంత సేపు?" అన్నాను.

"గుండుని చూస్తూ కిరణాల్ని తిప్పుతున్నారు మాస్టారూ. కిరణం తగలగానే గుండు మెరుస్తుంది, ఆ మెరుపులో ఇంకేమీ కనపడదు. గుండు ముట్టకుండా గురి కుదరాలి."

అప్పుడు తన ఉపాయం చెప్పింది. మధ్యలో ముందు ఒక సూదిమొన నిలబెట్టాలి. పైనించి ఒక దుర్భిణి, పక్కనించి ఒక దుర్భిణి దాన్ని చూస్తుంటాయి. రెండింటి లోపలా గాజుపలక మీద గీసిన శిలువ గుర్తు ఉంటుంది. రెండు గుర్తుల్నీ సూదిమొన మీదికి తేవాలి, నాలుగు కిరణాల్నీ దాని మీదికే తిప్పాలి. తరవాత సూది తీసెయ్యాలి. ఇక మిగిలేది ఖాళీ చోటు. ఎన్ని గుండ్లు మార్చినా, కిరణాల జోలికి పోకుండా, ఆ గుర్తులు చూసుకుంటూ గుండుని ఆ ఖాళీలోకి తెచ్చి నిలబెట్టడమే.

పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రెండో రంగు అచ్చుని వెయ్యబోయే మనిషి పువ్వుకేసి చూడడు. మొదటి అచ్చు మూలల్లో పడ్డ చిన్న చుక్కలకేసి చూసి అచ్చు దించుతాడు. పువ్వు దానంతటదే కుదురుకుంటుంది. ఆ ఉపాయం పెడన చూపించి నేనే ఆమెకి చెప్పానని కూడా టీ బండి దగ్గర అన్నాను. చెప్పలేదు. ఆమె చెప్పింది విన్నాక నాకు పెడన గుర్తొచ్చింది, అంతే.

వాళ్ళ కేంద్రంలో పెద్దాయనకి ఈ ఉపాయం మీద నమ్మకం లేదు. సెలవు అయ్యాక ఆమెని కరెంటు సరఫరా విభాగంలోకి మార్చేస్తానన్నాడు. ఆయన ఏదో పనిమీద విజయవాడ వస్తున్నాడని తెలిసి, ఒక్క పూట గుడివాడ రమ్మని బతిమాలుకుంది. ఆ పూటలో మా ల్యాబులో చేసి చూపించగలిగితే గురి పని ఆమె చేతికొస్తుంది. చూపించలేకపోతే ఆ లేజర్ల గదిలో ఇక ఆమెకి చోటు లేదు.

పని మొదలయింది. వంటింటి అరుగులకి వేసే కడప రాయి పలక ఒకటి తెచ్చి, ల్యాబు బల్ల మీద సగం గాలి కొట్టిన లారీ ట్యూబుల పైన పరిచి, అద్దాలూ దుర్భిణులూ దాని మీదే బిగించాం. మా నేల సంగతి మీకు తెలియంది కాదు, నల్లమట్టి. స్టేషన్లోకి బండి వస్తే కాలేజీ గోడకి తెలుస్తుంది. ట్యూబులు పెట్టకముందు గోడ మీది ఎర్రచుక్కలు నాలుగూ కూచిపూడి ఆడాయి. పెట్టాక కాస్త ఊగి ఆగిపోయేవి. గుండు కోసం వాడేసిన రీఫిల్లు మొనలోంచి బాల్ పీకి, వాళ్ళ నాన్న వలలోంచి తెచ్చిన నైలాన్ పోగు చివర అంటించింది. కిరణానికి అది అడ్డం వస్తే, గోడ మీద ఎర్రచుక్క మధ్యలో నల్లటి నీడ పడుతుంది. నాలుగు చుక్కల్లోనూ నడిమధ్య నీడ పడితే గురి కుదిరినట్టు.

మొదట్లో కుదరనే లేదు. పొద్దున్న సరిగ్గా ఉన్న నీడలు పడమటి గోడకి ఎండ తగిలేసరికి పక్కకి జరిగిపోయేవి. వేడికి అద్దాల కింది ఇనప దిమ్మలు సాగుతున్నాయని కనిపెట్టింది. మర్నాడు వాళ్ళ నాన్న, చేపలు ఐసులో పెట్టి పంపే థర్మోకోల్ పెట్టెలు బస్సు టాపు మీద వేసుకొచ్చాడు. వాటిని కోసి అద్దాల చుట్టూ గోడలు కట్టింది. జరగడం తగ్గింది. ల్యాబంతా చేపల వాసన. ఆ వాసనతో, ఫ్యాను లేకుండా, తలుపులు మూసుకుని కూర్చోవడం నా వంతు. నా ఉద్యోగం ఏమిటంటే స్విచ్చి దగ్గర నిలబడి ఎవరూ ఫ్యాను వెయ్యకుండా చూడడం.

ఒకరోజు నీడ మూడు చుక్కల్లో నిలబడి నాలుగోదాంట్లో నిలబడక సాయంత్రం దాకా చంపింది. నాకు బండి టైమైపోతోంది.

"పోనీలే అమ్మా, కరెంటు విభాగం మాత్రం ఉద్యోగం కాదా?" అన్నాను.

ఆమె తలెత్తలేదు. "దానికి వేరేవాళ్ళున్నారు మాస్టారూ. ఆ చిన్న స్పానర్ ఇటివ్వండి."

ఇచ్చాను. అద్దం విప్పి, దిమ్మ తిప్పి పెట్టి, మళ్ళీ సూదిమొన దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ఆ రోజుకి నా బండి వెళ్ళిపోయింది, బస్సులో పోయాను. మర్నాడు నేనొచ్చేసరికి నాలుగు నీడలూ నిలబడి ఉన్నాయి. ఎండ పడమటికి తిరిగినా కదల్లేదు.

పెద్దాయన వచ్చే రోజు వాళ్ళ నాన్న తెల్లారి బస్సుకే దిగాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో వాళ్ళ ఊరి అమ్మవారి కుంకుమ పొట్లం. బల్ల చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"మాస్టారండీ, దీనికి బొట్టూ అదీ పెట్టారా?"

"ఇదేమన్నా పడవా, బొట్టు పెట్టడానికి?"

"బొట్టు పెట్టకుండా పడవ నీళ్ళలోకి దించుతామేంటండి? ఇయ్యాళ దీన్నీ దించుతున్నట్టేగా."

"మీ అమ్మాయి విందంటే మనిద్దర్నీ వరండాలో కూచోబెడుతుంది."

కానీ ఆ మాట నా బుర్రలో దూరి ఊరుకోలేదు. ఆమె మొహం కడుక్కోవడానికి వెళ్ళిన సందు చూసి, ఆయన పొట్లం విప్పి పట్టుకుంటే, చిటికెడు తీసి పై దుర్భిణి గొట్టానికి నిండుగా బొట్టు పెట్టాను. నా వేలు కాస్త వణికింది కూడా. ఆమె తిరిగొచ్చేసరికి ఇద్దరం బుద్ధిమంతుల్లా నిలబడ్డాం.

పెద్దాయన జీపులో వచ్చాడు. తెలుగువాడే, గోదావరి అవతలి మనిషి. ఎక్కువ మాట్లాడడు.

"కొత్త గుండు నేనే పెడతాను" అన్నాడు. "నువ్వు పెడితే నీ చెయ్యి అలవాటు పనిచేస్తుంది. పద్ధతి పనిచెయ్యాలి కదా."

"పెట్టండి సార్."

ఆయన గుండు మార్చి, పై దుర్భిణిలోకి చూసి, "శిలువ మీదే ఉంది" అన్నాడు. గోడకేసి చూశాం. నాలుగు ఎర్రచుక్కలు. ఒక్కదాంట్లోనూ నీడ లేదు.

"చూశావా?" అన్నాడాయన. "నీ గుర్తు ఉందంటోంది, కిరణం లేదంటోంది."

వాళ్ళ నాన్న గుమ్మం దగ్గర రెండు చేతులతో కండువా పట్టుకుని నిలబడిపోయాడు. నేను ఫ్యాను స్విచ్చి పక్కనే ఉన్నాను గానీ, చెమట పట్టింది వేడికి కాదు.

ఆమె పై దుర్భిణి దగ్గర వంగి, గుండుని కదిపే స్క్రూ మెల్లిగా తిప్పింది. మళ్ళీ వెనక్కి తిప్పింది.

"సార్, ఇందులో రెండు నల్లచుక్కలున్నాయి. స్క్రూ తిప్పితే ఒకటి కదులుతోంది, అది గుండు. శిలువ మీద ఉన్నది కదలట్లేదు. అది గాజు మీద దుమ్ము."

గాజుపలక బయటికి లాగి వెలుగులో పట్టుకుంది. పలక దూర్చే సందులోంచి పడిన ఒక్క రేణువు. ఎర్రగా ఉంది. ఆ పైన గొట్టానికి అర్ధరూపాయి బిళ్ళంత బొట్టు.

"ఎవరి పనిది?" అన్నాడు పెద్దాయన.

"నాదేనండీ" అన్నాను.

ఆమె నాకేసి చూసిన చూపు ఇక్కడ రాయను. పలక ఊడదీసిందంటే గుర్తు పోయినట్టే. అంటే అంతా మళ్ళీ మొదట్నించీ. వాళ్ళ కేంద్రంలో రోజంతా పట్టే పని.

"సరే, నాకు మళ్ళీ బయల్దేరాలి" అని ఆయన చేతి గడియారం చూసుకున్నాడు.

"మీకు టీ వస్తోంది సార్. మీరు తాగేలోపు సర్దుతాను."

"తాగేలోపా?"

"వేడిగానే తాగండి. చల్లారేదాకా ఆగమనను."

పలక తుడిచి దూర్చింది. సూది నిలబెట్టింది. పైగుర్తు, పక్కగుర్తు. తరవాత ఒక్కో అద్దం దగ్గరికీ వెళ్ళి, ఒక్కో కిరణాన్నీ సూదిమొన మీదికి తిప్పింది. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా ఆగడం లేదు. స్టేషన్లోకి బండి వచ్చి చుక్కలు ఊగితే, చేతులు తీసి నిలబడి, అవి ఆగాక మళ్ళీ పట్టుకుంది. చివరికి సూది తీసేసి పక్కకి జరిగింది.

"ఇప్పుడు పెట్టండి సార్."

ఆయన సగం టీ ఉన్న గ్లాసు కిటికీలో పెట్టి లేచాడు. గుండు పెట్టాడు. పైనించి చూశాడు, పక్కనించి చూశాడు, స్క్రూలు తిప్పాడు. గోడ మీద ఒకదాని తరవాత ఒకటి, నాలుగు ఎర్రచుక్కల నడుమ నాలుగు నల్ల నీడలు పడ్డాయి. గుండు తీసి ఇంకొకటి పెట్టాడు. మళ్ళీ నాలుగు. ఇంకొకటి. నాలుగు.

"కరెంటు విభాగంలోకి వేరే మనిషిని చూసుకోవాలైతే" అన్నాడు, చల్లారిన టీ గ్లాసు చేతిలోకి తీసుకుంటూ.

దుమ్ము పడ్డా తట్టుకునే పద్ధతో కాదో తేల్చడానికి కావాలనే ఆ కుంకుమ పెట్టానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. కావాలని కాదు. భయానికి పెట్టాను. ఇదీ ఒప్పేసుకుంటున్నాను కాబట్టి ఇక దాచడానికేమీ మిగల్లేదని తృప్తిపడి, ఇంతవరకూ రాసింది మొన్న ఆ అమ్మాయికి ఫోనులో చదివి వినిపించాను. అమ్మాయంటే ఇప్పుడు ఆవిడ కిందే బోలెడుమంది పనిచేస్తున్నారు. పూర్తిగా వింది.

"మాస్టారూ, కుంకుమ మీరు పెట్టలేదు. పొట్లం విప్పిందీ మా నాన్నే, పెట్టిందీ మా నాన్నే. మీరప్పుడు గేటు దగ్గర జీపు కోసం ఎదురుచూస్తున్నారు. ఆ సాయంత్రం బస్సులో అవనిగడ్డ దాకా ఆయన అదే చెప్పి ఏడ్చాడు, నా ఉద్యోగం పోగొట్టేవాణ్ణని. ఆ గదిలో మీరు లేకుండా ఏదైనా జరిగిందంటే మీకు పడదు. 'నాదేనండీ' అన్నారు చూడండి, అంతవరకే మీది. అది ఉంచండి. వేలు వణకడం కొట్టెయ్యండి."